పెరటి కోడికి జబ్బు చేసినపుడు

పెద్దపల్లి జిల్లాలో గోదావరీ తీరమున రామగుండము, గోదావరిఖని అను పట్టణములు కలవు. ఖని యనగా గని. ఊరి పేరే ఊరి వృత్తిని తెలుపుచున్నది. 1961వ సంవత్సరమున సింగరేణి సంస్థ ఈ ప్రాంతమున బొగ్గు త్రవ్వుట ప్రారంభించెను. నాటినుండి పల్లెలను విడిచి గనులలో పనికై వచ్చిన కుటుంబములు తమ పల్లె అలవాట్లను గూడ వెంట తెచ్చుకొన్నవి. కోళ్ల పెంపకము అట్టి అలవాట్లలో నొకటి. క్వార్టర్ల వెనుక కొద్దిపాటి పెరడున్నను చాలును. అచ్చట ఒక గంప, నాలుగైదు పెట్టలు, ఒక పుంజు కనబడును.

ఈ కోళ్లను సామాన్యముగా ఇంటి ఇల్లాలే పెంచును. గ్రుడ్లు అమ్మగా వచ్చిన డబ్బు ఆమె చేతి సొమ్ము. పిల్లల నోటు పుస్తకములు, పండుగనాటి గాజులు, చెప్పకుండ వచ్చిన చుట్టమునకు కూర, ఇవన్నియు ఆ గంప క్రిందినుండియే వచ్చుచుండును. నాలుగు కోళ్లు చచ్చుట లోకమునకు గొప్ప నష్టముగా తోచకపోవచ్చును. ఆ ఇంటికి మాత్రము అది ఒక నెల ఖర్చులో తెలియవచ్చు నష్టమే. “నిన్న సాయంకాలము బాగుగనే మేసెను, తెల్లవారుసరికి చచ్చెను” అను మాట కోళ్లు పెంచువారి నోట తరచుగా వినబడుచుండును. కోడికి జబ్బు నిజముగా అంత ఆకస్మికముగా వచ్చునా?

కొన్ని వేళల అట్లు వచ్చును. పెక్కు వేళల రాదు. కోడి తన జబ్బును దాచుకొను పక్షి. నేటి పెంపుడు కోడి ఎఱ్ఱ అడవికోడి సంతతి. అడవిలో నీరసించిన పక్షినే డేగయు, నక్కయు మొదట పట్టును. మందలోని తోటికోళ్లు సైతము బలహీనమైన దానిని పొడిచి మేతనుండి తఱుమును. కావున కోడి చేతనైనంతవఱకు ఆరోగ్యముగా నున్నట్లే తిరుగును. బలము పూర్తిగా ఉడిగిన పిమ్మటనే కూలబడును. మనము చూచునది ఆ కడపటి ఘట్టమును మాత్రమే. జబ్బు ఆకస్మికముగా వచ్చినదని మన మనుకొందుము. నిజమునకు మన చూపు ఆలస్యముగా వచ్చినది.

దీనికొక నిదర్శనము కలదు. కూలబడిన కోడిని చేతిలోనికి తీసికొని రొమ్ము నడిమి ఎముకను తడవి చూడవలెను. ఆరోగ్యవంతమైన కోడికి ఆ ఎముక కిరుప్రక్కల కండ నిండుగా నుండును. ఎముక కత్తి అంచువలె చేతికి తగిలిన యెడల ఆ జబ్బు నేటిది కాదు, పలుదినముల నాటిది. కండ నిండుగా నుండియు కోడి కూలబడిన యెడల అది నిజముగా ఆకస్మిక వ్యాధియే.

కావున కోళ్లు పెంచువారు నేర్వవలసిన మొదటి విద్య మందు కాదు, చూపు. దానికి తగిన సమయము వేకువ. గంప ఎత్తగానే ఆరోగ్యముగల కోడి ఱెక్కలు విదిల్చి బయటకు దుముకును; మేతకై పరుగెత్తును. జబ్బుకోడి కడపట వచ్చును, లేదా మూల నక్కి యుండును. దాని ఈకలు నిక్కి యుండును. మెడ లోనికి ముడుచుకొని, కన్నులు సగము మూసి, పట్టపగలు కునుకుచుండును. ఎఱ్ఱగా నుండవలసిన తురాయి పాలిపోయియో, నీలముగా మారియో యుండును. గంప క్రిందనున్న రెట్టను గూడ చూడవలెను. మంచి రెట్ట గట్టిగా నుండి పైన తెల్లని పూత కలిగి యుండును. నడుమ నడుమ కొంచెము జిగటగా గోధుమవన్నె రెట్ట పడుట సహజమే. దానికి భయపడ నక్కఱలేదు. పచ్చని నీళ్ల రెట్ట, రక్తము కలిసిన రెట్ట మాత్రము చెడు గుర్తులు.

మెడ మొదట, రొమ్మునకు పైగా, కోడి మేసిన గింజలు నిలువయుండు సంచి యొకటి కలదు. రాత్రి గూడు చేరునపుడు అది నిండుగా నుండవలెను. తెల్లవారుసరికి ఖాళీగా నుండవలెను. రాత్రి ఖాళీగా నున్నచో ఆ కోడి పగలు మేయలేదని యర్థము. తెల్లవాఱినను నిండి గట్టిగా నున్నచో మేత క్రిందికి దిగలేదని యర్థము. ఈ పరీక్షకు డబ్బు అక్కఱలేదు, వైద్యుడు అక్కఱలేదు. బడికి పోవు పిల్లలు సైతము చేయదగినది.

జబ్బు గుర్తు కనబడినంతనే చేయవలసిన పని యొకటే: ఆ కోడిని మందనుండి వేఱు చేయుట. ఏమి జబ్బో తెలిసిన తరువాత వేఱు చేయుదమనుట పొరపాటు. జబ్బు పేరు తెలియుటకు ఒక దినము పట్టవచ్చును. అంటుకొనుటకు ఒక నీళ్లముంత చాలును. దానిని వేఱొక గంపలో, మిగిలిన కోళ్లకు దూరముగా, గాలి మందవైపు వీచని చోట నుంచవలెను. క్రింద పొడి గోనెసంచి పఱువవలెను. చలిదినములైన వెచ్చగాను, ఎండదినములైన నీడగాను ఉండవలెను. శుభ్రమైన నీటిలో చిటికెడు ఉప్పు, కొంచెము బెల్లము కలిపి ముందుంచవలెను. కునుకుచున్న కోడి నోరు తెఱచి నీళ్లు పోయరాదు. అవి ఊపిరితిత్తులలోనికి పోయి దానినే చంపును. మేత వేయుట, నీరు పెట్టుట మొదట మంచి కోళ్లకు చేసి, జబ్బుకోడిని కడపట చూడవలెను. పిమ్మట చేతులను సబ్బుతో కడుగుకొనవలెను.

ఇక ఆలోచింపవలసిన ప్రశ్న యొకటి కలదు. జబ్బుపడినది ఒక్క కోడియా, పెక్కు కోళ్లా? ఈ యొక్క ప్రశ్న సగము నిర్ణయమును తేల్చును.

ఒక్క పెట్టయే జబ్బుపడి, తోకవాల్చి, మాటిమాటికి ముక్కుచు, గూటిలోనికి పోయి వట్టిదిగా వచ్చుచున్నచో గ్రుడ్డు అడ్డుపడినదేమో చూడవలెను. అట్టి పెట్టను గోరువెచ్చని నీటిలో పొట్ట మునుగునట్లు ఇరువది, ముప్పది నిమిషములుంచి, తుడిచి, వెచ్చని చీకటి చోట ఉంచిన గ్రుడ్డు దిగవచ్చును. లోనున్న గ్రుడ్డును నొక్కి పగులగొట్టరాదు. పెంకులు లోపల గ్రుచ్చుకొని పెట్ట చచ్చును. ఆ దినమున దిగనియెడల పశువైద్యునికి చూపవలెను. మేతసంచి గట్టిపడినచో కోడి దారమునో, ప్లాస్టిక్ ముక్కనో, పొడుగు గడ్డినో మ్రింగి యుండవచ్చును. పెరటిలో చెత్త పాఱవేయు ఇండ్లలో ఇది తఱచు. ఇది కూడ వైద్యుడు చూడవలసినదే.

ఒకే పూట రెండు మూడు కోళ్లు నురుగుతోనో, వణకుతోనో పడిన యెడల విషమును శంకింపవలెను. గోదావరిఖని చుట్టుప్రక్కల పల్లెలలో పత్తి, వరి పండును. మందు పూసిన విత్తనములు, పురుగుమందు చల్లిన చేలు, ఎలుకల మందు, ఇవి కోడికి తెలియవు. గింజ కనబడిన మేయుటయే దాని స్వభావము. అట్టి వస్తువులను కోడి ముక్కునకు అందకుండ దాచుట మనుష్యుని బాధ్యత.

ఈ ప్రాంతపు ఎండ కూడ ఒక వ్యాధివంటిదే. వేసవిలో రామగుండమున ఉష్ణోగ్రత కొన్ని దినములలో 45 డిగ్రీలు దాటును. కోడి సహజ దేహోష్ణత సుమారు 41 నుండి 42 డిగ్రీలు. దానికి చెమట గ్రంథులు లేవు. నోరు తెఱచి వగర్చుటయే దానికి చల్లబడు మార్గము. బయటి వేడిమి దేహపు వేడిమిని మించినపుడు ఆ మార్గమును చాలదు. నడిమధ్యాహ్నము కోడి ఱెక్కలు దూరముగా చాచి, నోరు తెఱచి యెగరోజుచున్నచో వెంటనే నీడకు చేర్చి, కాళ్లను, తురాయిని చల్లని నీటితో తడిపి, త్రాగుటకు నీరు పెట్టవలెను. మంచునీటిలో ముంచరాదు. మేతను ఉదయమున, సాయంకాలమున వేసి, మధ్యాహ్నము నీరు మాత్రము ఉంచుట మేలు. రేకుల క్రింద గంపను పెట్టరాదు.

బొగ్గుసీమవారు ప్రత్యేకముగా తెలిసికొనవలసిన మఱియొక మాట కలదు. చలికాలమున పిల్లకోళ్లకు వెచ్చదనమునకై కొందఱు బొగ్గుల కుంపటిని మూసిన గూటిలో నుంచుదురు. చాలినంత గాలి లేని చోట బొగ్గు మండిన కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. తెల్లవారుసరికి పిల్లలన్నియు చచ్చి పడియుండును. కారణము ఎవరికిని తెలియదు. పక్షి దేహములో ఊపిరితిత్తులకు తోడు గాలితిత్తులు కలవు. ప్రతి శ్వాసతో అది తన పరిమాణమునకు మిక్కిలి గాలిని పీల్చును. అందుచే విషవాయువు దానికి త్వరగా సోకును. ఈ కారణముచేతనే జె.ఎస్. హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు గనులలోనికి కెనరీ అను చిన్నపక్షిని తీసికొనిపోవుట మంచిదని 19వ శతాబ్దపు చివర సూచించెను. పక్షి తూలిన యెడల మనుష్యులు వెంటనే గనిని విడిచి బయటకు వచ్చుచుండిరి. బ్రిటన్ గనులలో ఈ ఆచారము 1986 వఱకు సాగెను. అన్ని కోళ్లు ఒకే రాత్రి ఏ గుర్తును లేక చచ్చినచో ఈ సంగతిని తలచుకొనవలెను. పిల్లకోళ్లకు విద్యుద్దీపపు వేడిమి చాలును.

ఇంతవఱకు చెప్పినవి అంటని జబ్బులు. నేడు ఒకటి, రేపు రెండు, ఎల్లుండి నాలుగు, ఇట్లు జబ్బు ప్రాకినపుడు అంటువ్యాధిగా ఎంచవలెను. వానిలో మిక్కిలి భయంకరమైనది మనవారు కొక్కెర తెగులు అని పిలుచు వ్యాధి. ఇది 1926లో జావా ద్వీపమునను, ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమునను గుర్తింపబడెను. దాదాపు ఆ కాలముననే మనదేశమున కుమాయూను కొండలలోని రాణిఖేత్ వద్ద కనబడుటచే ఇచ్చటివారు దానిని రాణిఖేత్ వ్యాధి యనిరి. దీనికి కారణము వైరస్. కోడి నోరు తెఱచి గురగురమని ఊపిరి తీయును. పచ్చని నీళ్ల రెట్ట వేయును. కొన్నింటికి కాళ్లు, ఱెక్కలు పడిపోవును; కొన్నింటికి మెడ వెనుకకు మెలిపడును. గ్రుడ్లు పెట్టుట ఆగును, లేదా తోలుగ్రుడ్లు పడును. టీకా లేని మందలో నూటికి నూఱు కోళ్లును చచ్చిన సందర్భములు కలవు.

ఈ తెగులు వచ్చిన తరువాత దానిని కుదుర్చు మందు లేదు. ఏ మాత్రయు, ఏ పసరును వైరస్‌ను చంపజాలవు. కావున తెగులు తగిలిన దినమున గృహస్థుని ముందు రెండు దారులు నిలుచును. పొరుగామె వచ్చి, “ఇంకను ప్రాణముతో నుండగనే సంతకు పంపుము వదినా! రేపటికి ఆ డబ్బును రాదు” అని చెప్పవచ్చును. ఆ మాటలో చెడ్డ తలంపు లేదు. లోటు పూడ్చుకొనవలెనను తాపత్రయమే యున్నది. కాని సంతకు పోయిన ఆ కోడి ఎచ్చట ఆగునో చూడుడు. కొన్నవాడు దానిని తన గంపలో వేయును. మూడు నాలుగు దినములలో అతని ఇంటను, వారము తిరుగకమునుపే అతని వీధినంతటను తెగులు వ్యాపించును. ఒక ఇంట మిగిలిన మూడు నాలుగు వందల రూపాయలు ముప్పది ఇండ్ల గంపలను ఖాళీ చేయును. అందులో ఒక ఇల్లు పొరుగామెదే కావచ్చును.

కావున జబ్బుకోడిని అమ్మరాదు, ఇతరులకీయరాదు, కోసి తినరాదు. చచ్చిన కోడిని కాలువలోను, గోదావరిలోను, చెత్తకుప్పమీదను పాఱవేయరాదు. కుక్కలు, కాకులు దానిని వీధులన్నిటికి పంచిపెట్టును. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుగుకొని దానిని ఎత్తి, బావికి దూరముగా లోతైన గొయ్యి తీసి, సున్నము చల్లి పూడ్చవలెను. గంపను కడిగి ఎండబెట్టవలెను. క్రింది మట్టిని గీకి పూడ్చి, ఆ చోట సున్నము చల్లవలెను. కొన్ని వారములు క్రొత్త కోళ్లను తేరాదు. తరువాత తెచ్చినను రెండు వారములు వేఱుగా నుంచి చూడవలెను. సమ్మక్క సారలమ్మ జాతర, బోనాలు, దసరా వచ్చునపుడు ఊరూరి కోళ్లు సంతలలో కలిసికొనును. అట్టి దినములలో ఈ జాగ్రత్త రెట్టింపుగా నుండవలెను.

పెక్కు కోళ్లు చచ్చినపుడు సమీప పశువైద్యశాలకు తెలుపుట మఱువరాని ధర్మము. ఇది చట్టము చెప్పిన మాట కూడ. పశుపక్ష్యాదుల అంటువ్యాధులను గూర్చి 2009లో మన పార్లమెంటు శాసనము చేసినది. పశువుల అత్యవసర సేవకై 1962 అను టెలిఫోను సంఖ్య యేర్పడినది. తెలుపుటకు మఱియొక కారణము బర్డ్ ఫ్లూ. ఇది మనదేశపు కోళ్లలో మొదట 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రమందలి నవాపూర్ వద్ద బయటపడెను. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లోని తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలో కనబడెను. దాని గుర్తులు కొక్కెర తెగులు గుర్తులను పోలియుండును. కంటితో చూచి ఇది అది యని నిర్ణయింపరాదు. పరీక్షాలయమే నిర్ణయింపవలెను. అరుదుగా నైనను ఆ వ్యాధి మనుష్యులకు సోకును. కోళ్లతోపాటు కాకులు, బాతులు గూడ చచ్చుచున్నచో పిల్లలు వానిని తాకనే రాదు. మంచి కోడి మాంసమునైనను, గ్రుడ్డునైనను బాగుగ ఉడికించియే తినవలెను.

రాకమునుపే ఆపుట యొక్కటియే కొక్కెర తెగులునకు విరుగుడు. ఆ మార్గమును చూపినది ఒక విధముగా కోడియే. ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చర్ కోళ్ల కలరాను పరిశోధించుచు, 1879, 1880 సంవత్సరములలో ఒక వింతను కనిపెట్టెను. పాతబడి బలము తగ్గిన సూక్ష్మజీవులను ఎక్కించిన కోళ్లు కొంచెము నలతపడి కోలుకొనెను. పిమ్మట వానికి బలమైన సూక్ష్మజీవులను ఎక్కించినను చావలేదు. ప్రయోగశాలలో సూక్ష్మజీవుల బలము తగ్గించి టీకాలు చేయు విద్య అందుండియే పెరిగెను. అది మనుష్యులను సైతము రక్షించుచున్నది.

కొక్కెర తెగులునకును అట్టి టీకాలు కలవు. పిల్లకు అయిదు నుండి ఏడు దినముల వయస్సున ఎఫ్-1 టీకాను కంటిలోనో, ముక్కులోనో ఒక చుక్క వేయుదురు. ఎనిమిది వారముల వయస్సున ఆర్-2-బి అను టీకాను ఱెక్క క్రింద సూదిమందుగా ఇత్తురు. ఆపైన ఎప్పుడెప్పుడు వేయించవలెనో వైద్యుడు చెప్పును. జబ్బుపడిన కోడికి టీకా వేయరాదు. అది మందు కాదు, ముందుజాగ్రత్త. టీకాను 2 నుండి 8 డిగ్రీల చల్లదనమున నిలువయుంచవలెను. నీటిలో కలిపిన పిమ్మట రెండు గంటలలోగా వాడవలెను. ఎండలో తెచ్చిన టీకా వట్టి నీటితో సమానము.

ఇచ్చటనే ఒక చిక్కు కలదు. ఒక సీసాలోని టీకా సామాన్యముగా నూఱు కోళ్లకో, అంతకు మించియో సరిపోవును. ఒక ఇంటనున్నవి అయిదు కోళ్లు. అయిదింటికై సీసాను తెఱచిన మిగిలినదంతయు వ్యర్థము. అందుచేతనే పెరటికోళ్లు పెంచువారు పెక్కుమంది టీకాను వేయింపకుండ ఊరకుందురు. కాని ఒక వరుసలో ఇరువది క్వార్టర్లున్నవి. ఇరువది ఇండ్లవారు ఒక దినమును నిర్ణయించుకొని, వేకువనే గంపలెత్తక కోళ్లను ఆపియుంచి, పశువైద్య సిబ్బందిని పిలిపించుకొన్నచో ఒక్క సీసాతో వరుసయంతయు రక్షింపబడును. ఇండ్ల లెక్క వ్రాయుట, కోళ్ల లెక్క వ్రాయుట, ముందునాడు అందఱికిని జ్ఞాపకము చేయుట ఎనిమిదవ తరగతి విద్యార్థులకు మించిన పనులు కావు.

గని లోపల ఒకడు చేసిన అజాగ్రత్త తోటివారందఱికిని ముప్పు తెచ్చునని బొగ్గుసీమ పిల్లలకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ సంగతి వారు తండ్రుల నోట వినియే యుందురు. పెరటిలోని గంపకును ఆ నియమమే వర్తించును. వేకువనే ఒక్కసారి పరికించి చూచుట, గుర్తు కనబడినంతనే వేఱు చేయుట, దాచక తెలుపుట, పొరుగువారితో కలిసి టీకా వేయించుట, ఈ నాలుగును అలవాటైన ఇంట కోడి ఆకస్మికముగా చచ్చుట అరుదగును.